మట్టికి ఇచ్చిన మైనం ముక్క

నా పేరు షాకేరా. మా ఆయన పేరు షుకూర్, ఆయన పోయి చాలా కాలమైంది. నాకు యాభై నాలుగేళ్ళు. ఇల్లందులో ఉంటాను. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి అమ్మడం నా పని. పాత పరుపులు విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుట్టి ఇస్తాను. ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో ఎస్సై మురళీకృష్ణ గారి కుర్చీలో ఉన్న మెత్త కూడా నేను కుట్టిందే. దూది మంచిదే వేశాను. ఆయన ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగి కూర్చుంటారు కాబట్టి అణిగిపోయింది.

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే నేనే నడిచి స్టేషన్‌కు వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ భయపెట్టలేదు. మొన్న శుక్రవారం ఇదే బల్ల ముందు కూర్చుని ఒక అబద్ధం చెప్పాను. దాన్ని నా నోటితోనే వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగులో చెబుతుంటే రైటర్ గారు కాగితం మీద పెట్టే తెలుగులోకి సర్ది రాస్తున్నారు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాయమని అడిగాను. సరేనన్నారు.

బిచ్యా నా దగ్గర ఏమీ దొంగిలించలేదు. బస్సులో నా సంచి దించి ఇచ్చాడు. ముందు ఆ మాట రాయండి, మిగతాది తర్వాత చెబుతాను.

నాకు ఒక్కతే బిడ్డ, ఫరహా. ఇరవై ఆరేళ్ళది. అల్లుడు తబ్రేజ్‌కు ఇల్లందులోనే మోటార్ల వైండింగ్ షాపు ఉంది. పోయిన బక్రీదుకు ముందు నుంచి ఫరహాకు కుడి మోకాలి పైన నొప్పి. మొదట నేను నమ్మలేదు. "నీ మోకాలికి వంట పేరు చెప్తేనే నొప్పి పుడతదే" అని ఎగతాళి చేశాను. ఆ మాట ఇప్పుడు నన్ను తింటోంది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక కింది చివర, మోకాలికి ఆనుకుని, పెద్ద గుల్ల కనిపించింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో సూదితో అందులోంచి ముక్క తీసి పరీక్షకు ఇచ్చారు. గుల్ల చుట్టూ ఎముక గుడ్డు పెంకులా పలచబడిందని, కాలు కింద మోపకూడదని, అది విరిగితే కాలు నిలబెట్టడం కష్టమని ఎముకల డాక్టరు చెప్పారు.

పరీక్ష ఫలితం కోసం సోమవారం నేనే ఖమ్మం పోయాను. తబ్రేజ్‌కు షాపు వదిలే వీలు లేదు, ఫరహా కదలకూడదు. ల్యాబు డాక్టరు పేరు రాజ్యశ్రీ గారు. సత్తుపల్లి వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను ఏడుస్తానని భయపడిందో ఏమో, కాగితం చేతిలో పెట్టి పంపకుండా లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మైక్రోస్కోపుకు టీవీ లాంటిది తగిలించి ఉంది.

"చూడమ్మా, ఇది మీ అమ్మాయి ఎముకలోంచి తీసిన ముక్క. ఇవన్నీ కణాలు. మామూలుగా ఒక్కో కణంలో ఒక్కో చుక్క ఉంటుంది. ఈ పెద్దవాటిలో ఎన్నున్నాయో చూశారా" అంది.

చూశాను. గులాబీ రంగు ముద్దలు, ఒక్కో ముద్దలో లెక్కకు అందనన్ని ఊదా రంగు చుక్కలు. గింజ తీయని పత్తి ఉండలు గుర్తొచ్చాయి. అట్లాంటివి తెర నిండా ఉన్నాయి. 

"గివేనా డాక్టరమ్మా, నా బిడ్డ బొక్క తింటున్నయి?"

"తినేది అవేనమ్మా. కానీ తప్పు వాటిది కాదు. ఎముకను అరగదీయడం వాటి పని, ఎవరైనా పిలిస్తే వచ్చి ఆ పని చేస్తాయి. వీటి మధ్యలో చూడండి, చిన్నగా, ఒక్కో చుక్కతో ఉన్నాయే, ఇవీ. అసలు గడ్డ ఇవే. ఇవి పిలవబట్టే పెద్దవి వచ్చాయి. చూసిన వాళ్ళంతా ముందు పెద్దవాటినే అనుమానిస్తారు."

చిన్నవి చూడటానికి ఏ పాపం తెలియనట్టు ఉన్నాయి. అదే మాట అన్నాను. డాక్టరమ్మ నవ్వి, తెర మీద ఇంకో చోటు చూపించింది. అక్కడ గులాబీ రంగు పోగులు చిక్కుపడి ఉన్నాయి. అది కొత్తగా పుట్టిన ఎముకట. పలచబడిన ఎముక చిట్లి, అది మానుతూ పుట్టిన ఎముక అయితే భయం లేదు. గడ్డను గీకి తీసేసి, ఆ చోట సిమెంటులాంటిది నింపుతారు, కాలు ఉంటుంది. అట్లా కాకుండా ఆ చిన్న కణాలే ఆ ఎముకను పుట్టిస్తూ ఉంటే మాత్రం అది చెడ్డ క్యాన్సర్. దానికి మందులు వేరు, ఆపరేషన్ వేరు. కాలు ఉంటుందో లేదో చెప్పలేరు.

"నాకు మొదటిదే అనిపిస్తోంది. కానీ అనిపించిందని కాలు విషయంలో రాసివ్వలేను కదమ్మా. హైదరాబాద్‌లో ఒక రంగు పరీక్ష చేస్తారు. ఆ చిన్న కణాల చుక్కలకు గోధుమ రంగు పట్టిందంటే దాదాపు మొదటిదే అన్నట్టు" అంది.

నాకు రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి, అట్టలో పెట్టిన గాజు పలకలు. రెండోది, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మైనం ముక్క. ఫరహా ఎముకలోంచి తీసిన దాన్ని మందులో మెత్తబరిచి ఆ మైనంలో కూర్చారట. గోరంత ఉంది. మైనం లోపల గోధుమ రంగుగా మసకగా కనిపించింది. దాన్ని వెంట్రుక కంటే పలచగా పొరలు పొరలుగా కోసి గాజు మీద పరుస్తారని, హైదరాబాద్‌లో కూడా మళ్ళీ కోస్తారని చెప్పింది. రెండూ జాగ్రత్తగా అల్లుడికి ఇవ్వమంది.

నేను అక్కడ ఒక్క మాట అడగాల్సింది. గాజు పలకలు ఉన్నాక ఈ మైనం దేనికి అని అడగాల్సింది. అంత చక్కగా చెప్పే మనిషి అది కూడా చెప్పేది. నేను అడగలేదు. నా బిడ్డ బొక్కను ఇంకా కోస్తారన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఇల్లందు బస్సెక్కాను. గాజు పలకల అట్టను పెద్ద సంచిలో పెట్టాను. మైనం డబ్బాను నా వక్కాకు బటువాలో వేసి, ఆ బటువాను కూడా అదే సంచిలో పైన పెట్టాను. ఆ బటువా మా ఆయన పాత చొక్కా బట్టతో నేను కుట్టుకున్నది. పక్క సీట్లో ఒక లంబాడా మనిషి కూర్చున్నాడు. పెద్ద భుజాలు, సగం సీటు ఆయనకు చాలలేదు. "కొంచెం జరుగు, బస్సంత నువ్వే కొన్నవా?" అని కసిరాను. ఆయన కిటికీకి ఒత్తుకుపోయి నాకు చోటిచ్చాడు. నా సంచిని పైన సామాన్ల అరలో పెట్టి కూర్చున్నాడు. ఆయనే బిచ్యా. పేరు అప్పుడు తెలియదు. సారపాక కాగితం మిల్లుకు యూకలిప్టస్ కర్ర తోలే లారీల మీద హమాలీ అని మాటల్లో చెప్పాడు.

కారేపల్లి దాటాక నాకు ఏడుపొచ్చింది. "ఏమైందమ్మా?" అని అడిగాడు. బిడ్డ కాలు సంగతి చెప్పాను. సంచిలో బిడ్డ బొక్క ఉందని కూడా చెప్పాను. ఆయన పైకి చూసి, బస్సు కుదిపినప్పుడల్లా సంచి మీద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఇల్లందులో దిగేటప్పుడు సంచి దించి ఇచ్చాడు. "పైలం అమ్మా" అన్నాడు.

బస్టాండు నుంచి మా ఇంటికి పోయే దారిలో మా కబరస్తాన్ ఉంది. మా ఆయన అక్కడే మట్టిలో ఉన్నాడు. ఆయన కోత మిల్లులో పని చేసేటప్పుడు రంపం కింద రెండు వేళ్ళు పోయాయి. మా అత్త ఆ వేళ్ళను పారేయనివ్వలేదు. తెల్లబట్టలో చుట్టించి కబరస్తాన్‌లో పెట్టించింది. ఆయన చెయ్యి మానింది. తర్వాత చాలా ఏళ్ళకు ఆయన పోతే ఆ వేళ్ళ పక్కనే ఆయన్ను పెట్టారు. మాలో రాలిన పన్నును కూడా దారిలో పడేయం, మట్టికి ఇస్తాం. మరి నా బిడ్డ బొక్కను వక్కాకు సంచిలో వేసుకుని తిరుగుతున్నానని నాకు సిగ్గేసింది. ఇంకా కోస్తారన్న మాట ఒకటి చెవిలో మోగుతోంది. చూసుకోవడానికి గాజు పలకలు ఉన్నాయి కదా, డాక్టరమ్మ నాకు చూపించింది కూడా గాజు పలకే కదా అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. సార్ నవ్వినా సరే చెబుతాను. ఈ ముక్క ఇచ్చేస్తే మట్టి తన వాటా ముట్టిందనుకుని మిగతా కాలు అడగదు అనుకున్నాను.

మా ఆడవాళ్ళం కబరస్తాన్ లోపలికి పోము. నేను పోయాను. మధ్యాహ్నం కాబట్టి లోపల ఎవరూ లేరు. మా ఆయన కాళ్ళ వైపు చేత్తోనే మట్టి తీసి, బటువాతో సహా పెట్టేసి, దువా చదువుకుని వచ్చాను. ఇంటికి పోయి గాజు పలకలు తబ్రేజ్‌కు ఇచ్చాను. మైనం మాట ఎత్తలేదు. ఆ పూట నా మనసు తేలికైంది. ఫరహాకు పాయసం చేసి పెట్టాను.

గురువారం తబ్రేజ్ ఫరహాను కారులో పడుకోబెట్టి హైదరాబాద్ తీసుకుపోయాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అమ్మీ, మైనం బ్లాక్ అంట, అది ఏది? గాజు పలకలు సాలవంటున్నరు. వాటికి అప్పుడే రంగులేసిండ్రంట. గీ పరీక్షకు కొత్త పొరలు కొయ్యాల్నంట."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అది లేకుంటె మళ్ళ సూదేసి ముక్క తియ్యాలె అంటున్నరు అమ్మీ. బొక్క పలచగున్నది, ఇరుగుతదేమో అని వాళ్ళే భయపడుతున్నరు. మంగళారం దాక చూస్తమన్నరు. డాక్టరమ్మ నీకే ఇచ్చిందంట గదా, ఏడున్నది?"

అప్పుడే నిజం చెప్పి ఉంటే అర్ధగంటలో ఆ ముక్క చేతిలో ఉండేది. చెప్పలేదు. బిడ్డ కాలు నా చేతులతో నేనే పూడ్చి వచ్చానని అల్లుడికి ఎట్లా చెప్పను? "బటువాల పెట్టిన... బస్సుల పోయింది" అన్నాను. "ఎవలు తీసిండ్రు?" అన్నాడు. ఆ ప్రశ్నకు కూడా తెలియదు అని ఉంటే సరిపోయేది. "పక్కన ఒకడు కూసున్నడు, లంబాడాయన, పెద్దగున్నడు" అన్నాను. పెద్దగున్నడు అనే మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు.

తబ్రేజ్ ఫరహాను హైదరాబాద్‌లో ఉన్న తన అక్క దగ్గర వదిలి ఆ రాత్రికే వచ్చాడు. శుక్రవారం పొద్దున నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. నేను చెప్పింది మీరు రాసుకున్నారు. కింద ఉర్దూలో సంతకం చేశాను. నాకు వేలిముద్ర వేసే అవసరం లేదని రైటర్ గారితో గొప్పగా చెప్పాను కూడా. సాయంత్రానికి కండక్టర్‌ను అడిగి బిచ్యాను పట్టుకొచ్చారు. ఎప్పుడో అడవిలో టేకు కర్ర మోసిన కేసు ఒకటి ఉందట, అందుకని మీ అనుమానం బలపడింది. మీ తప్పని అనను. నేనే చూపించాను.

మధ్యలో రెండుసార్లు కబరస్తాన్ గేటు దాకా పోయాను. ఒకసారి లోపల మనుషులున్నారు. ఇంకోసారి ఎవరూ లేరు. అయినా తిరిగొచ్చాను. తవ్వి తీస్తే అది ఎట్లా వచ్చిందని అడుగుతారు కదా. నా పరువు, నా బిడ్డ కాలు, రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను పరువు పట్టుకుని ఇంటికి పోయాను. దీనికంటే సిగ్గుపడాల్సిన మాట నా దగ్గర ఇంకొకటి లేదు.

నిన్న శనివారం బిచ్యా భార్య చాంది మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను కూడా నోరు సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు. కొంగు విప్పి నా గడప ముందు కొన్ని వస్తువులు పరిచింది. ఒక టిఫిన్ మూత, రెండు పాత పర్సులు, తెగిన చెప్పు, మందుల డబ్బా, ఒక చిన్న బట్ట సంచి.

"అక్కా, కారేపెల్లి కాడికెంచి ఇల్లందు దాక రోడ్డు పొంటి దేవులాడినం. మా మరుదులు, నేను, మా అత్త. కిటికీల కెల్లి జారి పడ్డదేమో అని. మోర్లల్ల గూడ దిగి చూసినం. గిండ్ల ఏమన్న నీదున్నదా?"

 ఆమె ఆ బట్ట సంచి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది మోర్ల దొరికింది. బురద బురదున్నది. నీదేనేమో అని ఉతికి ఆరబెట్టి తెచ్చిన. లోపట ఏం లేకుండె అక్కా. మావోడు దొంగ గాదు. నీ బిడ్డ సంగతి ఇంట్ల జెప్పి బువ్వ గూడ తినలే ఆ పొద్దు."

ఉతికి ఆరబెట్టి తెచ్చింది. నాది కాని సంచి. మడత పెట్టి తెచ్చింది. నేను నాది కాదన్నాను, అంతవరకే అన్నాను. "అట్లనా, మల్ల దేవులాడుతం" అని వస్తువులన్నీ కొంగులో ఎత్తుకుని పోయింది. మా గడప ముందు పడిన ఎండిన బురద కూడా కొంగుతో తుడిచి పోయింది. ఆ తర్వాత ఫరహా ఫోన్ చేసింది. "అమ్మీ, నా బొక్క దొరికిందా?" అని అడిగింది. దొరుకుతది అన్నాను. 

ఈ రోజు పొద్దున కబరస్తాన్ పక్క మసీదులో ఫజర్ నమాజుకు వచ్చిన వాళ్ళు అటూ ఇటూ తిరుగుతుండగానే, అందరూ చూస్తుండగానే లోపలికి పోయాను. కబరస్తాన్ చూసుకునే ముసలాయన "ఏంది బేటీ, ఏం పనిది?" అని అరిచాడు. సంగతి చెప్పాను. ఆయన పోయి గడ్డపార తెచ్చి ఇచ్చాడు. వద్దన్నాను, చేతితో పెట్టిందాన్ని చేతితోనే తీశాను. బటువాను చెదలు సగం తినేశాయి. ప్లాస్టిక్ డబ్బాకు ఏమీ కాలేదు. మూత తీయకుండా ఊపి చూస్తే లోపల ముక్క కదిలింది. మా ఆయనకు సలాం చెప్పుకుని, తీసుకుపోతున్నందుకు మాఫీ అడుక్కుని, నేరుగా ఇక్కడికి వచ్చాను.

అదే ఇప్పుడు మీ బల్ల మీద ఉంది. ఎస్సై గారు రాజ్యశ్రీ డాక్టరమ్మకు ఫోన్ చేశారు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "కడగకండి, ఎండలో పెట్టకండి, ఉన్నది ఉన్నట్టు పంపండి. పనికొస్తుందో లేదో చూస్తే గాని చెప్పలేను" అంది. అది నా చేతికి ఇవ్వకండి. నేను ఫోన్ చేసి నిజం చెబితే తబ్రేజ్ వచ్చాడు, బయట బండి మీద ఉన్నాడు. నా మొహం చూడటం లేదు. ఆయన చేతికే ఇచ్చి హైదరాబాద్ పంపండి.

సార్, డాక్టరమ్మ ఆ రోజు నాకు అంత వివరంగా చూపించింది. పెద్దగా కనిపించేవి కావు, మధ్యలో చిన్నగా ఉన్నవే అసలువి, అవి పిలిస్తేనే పెద్దవి వచ్చాయి అని. నేను విని, తల ఊపి, నాలుగు రోజులు తిరక్కుండానే పెద్దగా కనిపించిన మనిషినే చూపించాను. మీరు బిచ్యాను పట్టుకున్నారు. ఆయన్ను ఇక్కడికి పిలిచింది నేను. నా మీద ఏ కేసు పెట్టాలో అది పెట్టండి, కాదనను. ఆయన మీద రాసింది మాత్రం కొట్టేయండి. ఆయన పాత టేకు కేసును దీనికి తగిలించకండి.

ఇంకో మాట అడిగాను. సంతకం పెట్టే ముందు ఇదంతా బిచ్యా ముందు పైకి చదవమన్నాను. ఎస్సై గారు ఆయన్ను లోపలికి పిలిచారు. రైటర్ గారు మొదటి నుంచి ఇక్కడి దాకా చదివారు. ఆయన నిలబడే విన్నాడు. రెండు రాత్రులు బెంచీ మీద ఉండటంతో కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మాఫీ చెయ్యమని అడిగాను.  చెయ్యాల్సిన అవసరం ఆయనకేమీ లేదు. బల్ల మీది డబ్బా వైపు చూసి, "గది ఇంక పనికొస్తదా అమ్మా?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. "మరి జల్దీ పంపుండ్రి సారూ, దినం పోతున్నది" అని ఎస్సై గారితో అన్నాడు.

రైటర్ గారూ, ఇప్పుడు జరిగింది కూడా కలపండి. నేను లేవబోతుంటే బిచ్యా బెంచీ మీదున్న నా సంచి తీసి నా చేతికి ఇచ్చాడు.

పైన రాసినదంతా నేను చెప్పిందే, చదివితే విన్నాను, ఇందులో దాచిందీ కలిపిందీ లేదు. శుక్రవారం నేను చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం కింద నా సంతకం ఉంది. అదే సంతకం దీని కింద పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు, అందుకని వేలిముద్ర వేస్తున్నాను.

(బొటనవేలి ముద్ర)
షాకేరా, ఇల్లందు